చద్దన్నానికి కొత్త తాలింపు

రాత్రి మిగిలిన గిన్నెడు అన్నం. తెల్లారాక దాన్నేం చేయాలన్నది ఇల్లాలికి రోజూ ఉండే ప్రశ్నే. నెల్లూరు జిల్లా పడమటి కొసన ఉదయగిరి, ఆత్మకూరు వంటిళ్ళలో ఆ ప్రశ్నకు ఇప్పుడు ఫ్రైడ్‌రైస్ అన్న జవాబు వినిపిస్తోంది. సోయాసాస్ సీసా పక్కనే ఊరమిరపకాయల డబ్బా, చైనా వంటకంలోకి ఉదయగిరి కొయ్య గరిటె... ఆ ప్రయోగాల కథే ఇది.

పొద్దున్నే ఏడు గంటలు. బయట కుళాయి దగ్గర బిందెల చప్పుడు. దూరంగా ఉదయగిరి దుర్గం మీద ఎండ పడుతోంది. లోపల వంటింట్లో ఇల్లాలు రాత్రి అన్నం గిన్నె మూత తీస్తుంది. ముందు వాసన చూస్తుంది. తర్వాత రెండు మెతుకులు వేళ్ళ మధ్య నలిపి చూస్తుంది. ఇద్దరికి సరిపోదు, ఒక్కరికి ఎక్కువ. పారేయడానికి చేతులు రావు. పిల్లలకు పెడదామంటే, 'సద్దన్నమా!' అన్న మాట నోటితో అనక్కర్లేకుండా ముఖంతోనే అనేస్తారు.

అదే అన్నాన్ని పది నిమిషాల తర్వాత చూడండి. సన్నగా తరిగిన ఉల్లిపాయలు, నాలుగు బీన్సు ముక్కలు, ఓ క్యారెట్టు, కొట్టి పోసిన కోడిగుడ్డు, మిరియాల పొడి. బాండలిలోంచి పొగలు. 'అమ్మా, బాక్సులోకి ఫ్రైడ్‌రైసా?' అని పిల్లాడు వంటింటి గుమ్మంలోకి వచ్చేస్తాడు. అన్నం అదే. గిన్నె అదే. పేరు మారింది, అంతే!

ఆ మాటకొస్తే ఈ వంట మనకేమీ కొత్త కాదు. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు వేసి రాత్రి అన్నాన్ని తాలింపులో తిప్పడం అమ్మమ్మల నాటి నుంచీ ఉన్నదే. ఓ నిమ్మకాయ పిండితే నిమ్మకాయన్నం. చింతపండు పులుసు ఉంటే పులిహోర. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేస్తే అది తాలింపన్నం. కాకపోతే వాటన్నిటికీ ఇంట్లో 'మిగిలింది' అన్న ముద్ర ఉండేది. ఫ్రైడ్‌రైస్‌కి అది లేదు. బజార్లో డబ్బులిచ్చి కొనుక్కునే వంటకం పేరు కదా మరి!

మిగలాలంటే ముందు ఉండాలిగా!

అన్నం మిగలడం అన్నది ఈ ప్రాంతంలో అందరికీ, ఎప్పుడూ ఉన్న భాగ్యం కాదు. నెల్లూరు అనగానే బయటివాళ్ళకు పచ్చటి వరి మళ్ళే గుర్తొస్తాయి. మొలగొలుకుల బియ్యం పేరు చెప్పుకుని మురిసిపోయే జిల్లా ఇది. కానీ ఆ వరి వైభవమంతా ప్రధానంగా పెన్నా డెల్టాది. పడమరగా వచ్చే కొద్దీ మాగాణి పలచబడి మెట్ట మొదలవుతుంది. ఆత్మకూరుకు పెన్నా దగ్గర, పైన సోమశిల జలాశయం ఉంది. 78 టీఎంసీల నీళ్ళు పట్టే ఆ ప్రాజెక్టు కింద వరి పండుతుంది. ఉదయగిరి వైపు అలా కాదు. వాన పడితే పంట, పడకపోతే వలస. బోరు ఎన్ని అడుగులు దింపితే నీళ్ళు పడ్డాయన్నదే రచ్చబండ మీద కబురు.

అలాంటి చోట పాతతరం రోజువారీ తిండి జొన్న, సజ్జ, రాగి సంగటి. వరి అన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. రాత్రి సంగటి ముద్ద మిగిలితే నీళ్ళలో వేసి, పొద్దున మజ్జిగ, ఉల్లిపాయ కలిపి పొలానికి పట్టుకెళ్ళేవారు. వరి అన్నం మిగిలిన రోజున దాన్నేం చేయాలన్న సందేహమే వచ్చేది కాదు. తెల్లారేసరికి పిల్లలే ఖాళీ చేసేవారు.

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. మెట్ట ఊళ్ళలో వరి అన్నం రోజూ పొయ్యెక్కడానికి అది పెద్ద మలుపు. తర్వాత ధరలు మారాయి, పథకాల పేర్లు మారాయి. బియ్యం బస్తా మాత్రం ఇంట్లో స్థిరపడింది. సంగటి వెనక్కి తగ్గింది. (చక్కెర జబ్బు పుణ్యమా అని ఇప్పుడు రాగి సంగటికి మళ్ళీ మర్యాద వచ్చిందనుకోండి, అది వేరే కథ!) అలా, ఒకప్పుడు పండగ వంటయిన అన్నం పొద్దున్నే 'ఏం చేయాలిరా దేవుడా' అనిపించే మిగులు అయింది.

ఆ మిగులు ఎవరి కంచంలోకి వెళ్ళేది? ఈ ప్రశ్న ఏ ఇంట్లో అడిగినా ఆడవాళ్ళు నవ్వేస్తారు. వేడి అన్నం ముందు మగవాళ్ళకు, తర్వాత పిల్లలకు. రాత్రి అన్నం అమ్మకు. ఎవరూ అలా తినమని చెప్పరు. ఆమే గిన్నె ముందుకు లాక్కుంటుంది. మజ్జిగ పోసుకుని, ఊరగాయ నంజుకుని, నిలబడే రెండు ముద్దలు తినేస్తుంది. రెండు రోజులు వరసగా మిగిలితే రెండు రోజులూ ఆమే. 'నాకు సద్దన్నమంటేనే ఇష్టం' అని కూడా అంటుంది. అందులో నిజమెంతో, సర్దుకోవడమెంతో ఆమెకే తెలియాలి.

ఫ్రైడ్‌రైస్ వచ్చాక మారిన అసలు సంగతి ఇదే. అమ్మ ఒక్కతే తినే రాత్రి అన్నం ఇంటిల్లిపాదీ కంచాల్లోకి వచ్చింది.

యాంగ్జౌ నుంచి ఆత్మకూరుకు

చైనాలో యాంగ్జౌ అనే ఊరుంది. మన దగ్గర హైదరాబాద్ బిర్యానీ అన్నట్టు, అక్కడ ఫ్రైడ్‌రైస్‌కి ఆ ఊరి పేరే చెబుతారు. 2015 అక్టోబరులో ఆ ఊరివాళ్ళు గిన్నిస్ రికార్డు కోసం ఏకంగా 4,192 కిలోల ఫ్రైడ్‌రైస్ చేశారు. కానీ అందులో కొంత పందుల మేతకు పోయిందని తేలడంతో రికార్డు రద్దయింది. వండినదాన్ని మనుషులే తినాలన్నది నిబంధన. మిగిలిన అన్నంతో పుట్టిన వంటకం, మిగిలిపోయి రికార్డు పోగొట్టుకోవడం... ఏం చేస్తాం!

ఆ వంట మన దేశంలోకి కోల్‌కతాలో స్థిరపడిన చైనా కుటుంబాల ద్వారా వచ్చింది. వచ్చాక మన కారం, మన మసాలా పులుముకుంది. మహానగరాల హోటళ్ళ నుంచి జిల్లా కేంద్రాలకు, అక్కడి నుంచి నాలుగు చక్రాల బండ్ల మీదకు దిగింది. ఇప్పుడు ఆత్మకూరు లాంటి పట్టణంలో సాయంత్రమైతే చాలు, గ్యాస్ మంట హోరు, ఇనప గరిటె ఠంగు ఠంగు, ఎర్రటి అక్షరాలతో 'నూడుల్స్, ఫ్రైడ్‌రైస్, మంచూరియా' బోర్డు. చుట్టూ కాలేజీ కుర్రాళ్ళు. ఊళ్ళకెళ్ళే చివరి బస్సు కోసం చూస్తూ పొట్లం కట్టించుకునే నాన్నలు.

ఆ పొట్లం ఇంటికొచ్చాకే ప్రయోగాలు మొదలయ్యేది. 'ఇందులో ఏముంది? అన్నం, గుడ్డు, నాలుగు కూరగాయ ముక్కలేగా. దీనికింత డబ్బా?' అన్న మాట అమ్మల నోట రావడం, మర్నాడే కిరాణా కొట్లో చిన్న సోయాసాస్ సీసా కొనడం చకచకా జరిగిపోతాయి.

మొదటిసారి ముద్దే!

మొదటి ప్రయోగం దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకేలా ముగుస్తుంది. సోయాసాస్ ఎక్కువై అన్నం నల్లగా, ఉప్పు కషాయంలా తయారవుతుంది. సోయాసాస్‌లోనే బోలెడు ఉప్పుంటుందని, ఉప్పు విడిగా వేసేముందు రుచి చూడాలని తెలిసేది అప్పుడే. లేదంటే వేడివేడి అన్నాన్నే బాండలిలో వేయడంతో అంతా ముద్దకడుతుంది. బండి మీద పలుకు పలుకుగా వచ్చేది, ఇంట్లో పొంగలిలా ఎందుకొస్తోంది?

జవాబు గిన్నెలోనే ఉంది. బియ్యం ఉడికేటప్పుడు అందులోని పిండిపదార్థం నీళ్ళు పీల్చుకుని ఉబ్బి, మెత్తబడుతుంది. వేడిగా ఉన్నంతసేపూ మెతుకు పైన జిగురుంటుంది. చల్లారే కొద్దీ ఆ పిండిపదార్థం మళ్ళీ దగ్గరగా చేరి గట్టిపడుతుంది. మెతుకు పైతడి కూడా ఆరుతుంది. అందుకే చల్లబడిన రాత్రి అన్నం బాండలిలో విడివిడిగా విడిపోతుంది. నిన్నటిది అని మనం చిన్నచూపు చూసే గుణమే ఫ్రైడ్‌రైస్‌కి అసలు అర్హత అన్నమాట. చైనాలోనే కాదు, ఇండోనేసియాలో కూడా రాత్రి అన్నాన్ని పొద్దున్నే వేయించి 'నాసి గోరెంగ్' అంటారు.

బియ్యం పాతదా, కొత్తదా అన్నది కూడా చూడాలి. ఆ సంగతి నెల్లూరు జిల్లా ఆడవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్త బియ్యం అన్నం జిగురెక్కుతుంది, ఏడాది మాగిన బియ్యం పొడిపొడిగా వస్తుంది. కొత్త బియ్యమే ఉంటే ఎసరు కాస్త తగ్గించి వండుకోవాలి. బాస్మతి కావాలన్న నియమమేమీ లేదు. మసూరి అన్నంతో, ఆఖరికి రేషన్ బియ్యంతో కూడా చక్కగా వస్తుంది. సన్నబియ్యం లేవని ప్రయోగం ఆపుకోనక్కర్లేదు.

ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నం ఇటుకలా ఉంటుంది. దాన్ని బాండలిలో వేసి గరిటెతో పొడిస్తే మెతుకులు విరిగి రవ్వవుతాయి. ముందే పళ్ళెంలో వేసుకుని, చేతికి చుక్క నూనె రాసుకుని ఉండలు చిదపాలి. ఆ రెండు నిమిషాల పనే సగం వంట.

మిగతా సగం మంట. బండివాడి పొయ్యికీ, ఇంటి గ్యాసు పొయ్యికీ పోలికే లేదు. అక్కడ మంట బాండలిని చుట్టుముడుతుంది, ఇక్కడ అడుగును మాత్రమే తాకుతుంది. నలుగురికి సరిపడా అన్నం ఒకేసారి కుమ్మరిస్తే బాండలి వేడి చల్లారిపోయి, అన్నం వేగే బదులు ఆవిరికి ఉడుకుతుంది. కిటుకేమిటంటే కొంచెం కొంచెంగా, రెండు మూడు వాయిల్లో వేయించడం. గుడ్డు ముందుగా విడిగా వేయించి పక్కన పెట్టుకోవడం. కూరగాయలు బాగా తడారాకే వేయడం. పెరట్లో నీళ్ళు కాచుకునే కట్టెల పొయ్యి ఉన్న ఇళ్ళలో ఇంకో సౌకర్యం ఉంది. ఇనప బాండలి దానిమీద పెడితే వచ్చే రుచి, ఆ చిన్నపాటి పొగ వాసన గ్యాసు మీద ఎంత కొట్టుకున్నా రావు.

గరిటె మాత్రం ఊరిదే

ఇక్కడే ఉదయగిరి తన వస్తువొకటి తెచ్చి వంటలో పెడుతుంది... కొయ్య గరిటె. స్టీలు గరిటె అంచు మెతుకును కోస్తుంది, నాన్‌స్టిక్ పెనాన్ని గీస్తుంది. పలచటి కొయ్య గరిటె అన్నం కిందికి మెల్లగా దూరి, విరక్కుండా పైకి తిప్పుతుంది. ఫ్రైడ్‌రైస్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

ఉదయగిరి కొయ్య చెంచాలు, గరిటెలు, ఫోర్కులు దేశమంతా పేరున్నవి. భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది వాటికి. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి చెట్ల కలపను తరతరాలుగా కొన్ని ముస్లిం కుటుంబాలు ఇలా మలుస్తున్నాయి. పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. ఇంటిపని ముగించుకుని వరండాలో కూర్చుంటే ఒళ్ళో కొయ్య ముక్క, చేతిలో ఉలి, పక్కన ఆకురాయి. పిడి మీద లతలు, జల్లెడలాంటి నగిషీలు. అంత సన్నటి పని చేయి ఏమాత్రం తొణికినా విరుగుతుంది. అవి లేపాక్షి దుకాణాల్లో అద్దాల వెనక చేరి, అలంకరణకో, కానుకగానో అమ్ముడవుతాయి. చాలామంది కొని ఇంట్లో షోకేసులో పెట్టుకుంటారు. అదేమిటో, గరిటెను గరిటెలా వాడటానికి మనకు మనసొప్పదు!

నగిషీలు లేని మామూలు గరిటెలు కూడా అదే చేతులు చేస్తాయి. ఒక్కటి తెచ్చుకుని రోజూ వాడితే దాని విలువ తెలుస్తుంది. ఒకటే జాగ్రత్త. నీళ్ళలో నాననీయకూడదు. కడిగి, తుడిచి, ఆరనిచ్చి అప్పుడప్పుడు కాస్త వంటనూనె రాస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. షోకేసులోది మెరుస్తూ ఉంటుంది, వంటింట్లోది నల్లబడుతుంది. కొనేవాళ్ళు వంటకని కొంటే చేసేవాళ్ళకు మళ్ళీ పని ఉంటుంది. గరిటె అరిగితేనే కదా ఇంకొకటి కొనేది.

ఏది కలుస్తుంది, ఏది కలవదు

ఒకసారి చేయి తిరిగాక బండి ఫ్రైడ్‌రైస్‌ను అచ్చుగుద్దాలన్న ఉబలాటం పోతుంది. వెనిగర్ అయిపోయిన రోజున పచ్చి మామిడికాయ తురుము పడుతుంది. నిజానికి ఆ పులుపే బాగుందని తేలుతుంది. క్యాబేజీ లేని రోజున నిన్నటి బీన్సు వేపుడు. చిల్లీసాస్ బదులు ఎర్రకారం. అజినమోటో సంగతి చాలా ఇళ్ళలో చర్చకే రాదు. దాని పని చేసే దినుసు ఒకటి ఈ జిల్లాలో ఎప్పటి నుంచో ఉంది.

అదే ఎండు రొయ్య! తీరం నుంచి మెట్ట ఊళ్ళ సంతల దాకా వచ్చే సరుకది. గుప్పెడు ఎండు రొయ్యలు తల, తోక గిల్లి, కడిగి, నూనెలో కరకరలాడేలా వేయించి, చేత్తో నలిపి అన్నంలో కలిపితే ఇల్లంతా ఘుమఘుమ. ఇది ఉత్త నెల్లూరు తెలివే అనుకోకండి. ఇండోనేసియావాళ్ళు నాసి గోరెంగ్‌లో వేసే 'తెరాసి' కూడా రొయ్యలను పులియబెట్టి చేసే ముద్దే. సముద్రం పక్కన వరి తినేవాళ్ళకు ఒకే ఆలోచన తడుతుందేమో!

ఇంకోటి ఊరమిరపకాయలు. ఎండాకాలంలో మజ్జిగలో ఊరబెట్టి, డాబా మీద ఎండబెట్టి దాచినవి. రెండు వేయించి నలిపి చల్లితే ఉప్పు, పులుపు, కారం, కరకర అన్నీ ఒక్క దెబ్బకు వస్తాయి. సాస్ సీసా పక్కకు తప్పుకోవాల్సిందే.

ముస్లింల ఇళ్ళలో పద్ధతి కొంచెం వేరు. పండగలకో, దావతులకో వండిన బగారా అన్నం మిగిలితే అందులో మసాలా ముందే ఉంటుంది కాబట్టి సాస్‌ల జోలికి వెళ్ళరు. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, పుదీనా వేసి, మిగిలిన మాంసం ముక్కలను చీరి కలిపి పెద్దమంట మీద తిప్పుతారు. పిల్లలు దాన్నీ ఫ్రైడ్‌రైస్ అనే పిలుస్తారు. బిర్యానీ అన్నాన్ని మాత్రం వేయించకుండా ఆవిరి మీద వేడిచేసుకోవడమే మేలు. కుంకుమపువ్వు, నెయ్యి వేసిన అన్నం మీద సోయాసాస్ పోయడం బిర్యానీకి అవమానం, సాస్‌కి దండగ.

కలవనివీ ఉన్నాయి. చేపల పులుసు ముక్కతో ఫ్రైడ్‌రైస్ చేద్దామనుకుంటే అది మళ్ళీ పులుసన్నమే అవుతుంది. మర్నాటి చేపల పులుసు రుచి తెలిసినవాళ్ళు దాన్ని అలా పాడుచేయరు కూడా. పప్పుచారు, రసం, మజ్జిగపులుసు... తడి ఉన్నవేవీ పనికిరావు. గోంగూర కలిపితే అన్నం పాకంలా అతుక్కుంటుంది. గుత్తివంకాయ ముద్దవుతుంది. బంగాళాదుంప వేపుడు భేష్. దొండకాయ వేపుడు ఇంకా భేష్. కాకరకాయ వేపుడు వేసి పిల్లల చేత తినిపించవచ్చని ఆశపడ్డ తల్లులు మాత్రం ఓడిపోయారు. కాకర ముక్కలు కంచం అంచున వరసగా మిగిలాయి!

మంటకు లొంగని విషం

ఇంత కథ చెప్పుకున్నాక ఒక భయం సంగతి చెప్పుకోకపోతే తప్పవుతుంది. ఎండాకాలం ఈ మెట్టలో రాత్రిపూట కూడా వంటిల్లు చల్లబడదు. అలాంటి వేడిలో రాత్రంతా గిన్నెలో మూతపెట్టి ఉంచిన అన్నాన్ని పొద్దున వేయించి పిల్లాడి డబ్బాలో పెట్టడం ఎంత క్షేమం?

బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి ఉంది. మట్టిలో ఉంటుంది, బియ్యంతో పాటు ఇంటికొస్తుంది. దాని బీజాలు గట్టివి. అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, వాంతులు కలిగించే విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా, పెద్దమంట మీద వేయించినా పోదు. చాలామందికి తెలియనిది ఈ చివరి మాటే. 'వేయించేశాంగా, ఇంకేం కాదు' అనుకుంటాం. సూక్ష్మజీవి చచ్చినా అది వదిలిన విషం అలాగే ఉంటుంది. రంగు, వాసన మారకపోవచ్చు కూడా. కాబట్టి మూత తీసి వాసన చూసే అమ్మ పరీక్ష ఇక్కడ చాలదు.

ఈ సంగతి లోకానికి తెలిసింది ఫ్రైడ్‌రైస్ వల్లనే. 1970ల మొదట్లో బ్రిటన్‌లో చైనీస్ హోటళ్ళ ఫ్రైడ్‌రైస్ తిన్నవాళ్ళు గంటల్లోనే వాంతులతో పడిపోయిన ఘటనలు వరసగా బయటపడ్డాయి. ఆరా తీస్తే కారణం తేలింది. అన్నం పెద్ద మొత్తంలో వండి, ఫ్రిజ్‌లో పెడితే గడ్డకడుతుందని బయటే రాత్రంతా ఉంచి, మర్నాడు అప్పటికప్పుడు వేయించి ఇచ్చేవారు. గుండీగలో మధ్యనున్న అన్నం గంటల తరబడి గోరువెచ్చగానే ఉండేది. సూక్ష్మజీవికి ఇంతకన్నా అత్తారిల్లు ఉంటుందా!

ఇది ఫ్రైడ్‌రైస్ మానేయమని చెప్పడం కాదు. ఫ్రైడ్‌రైస్ పొద్దున మొదలు కాదు, రాత్రి భోజనాల దగ్గరే మొదలవుతుందని తెలుసుకోవడం. అందరూ తిన్నాక గిన్నె అలా వదిలేసి టీవీ ముందు కూర్చోకుండా, అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిస్తే తొందరగా చల్లారుతుంది. వండిన గంట, మహా అయితే రెండు గంటల లోపు మూతున్న డబ్బాలో ఫ్రిజ్‌లోకి చేరాలి. మర్నాడు వాడేయాలి, మూడో రోజుకు ఉంచకూడదు. వేయించాక మిగిలిందాన్ని ఇంకోసారి వేడిచేయకూడదు. రాత్రి కరెంటు పోయి ఫ్రిజ్ గంటల తరబడి ఆగిపోతే ఆ అన్నం మీద ఆశ వదులుకోవడమే. నాలుగు గిద్దెల బియ్యం కన్నా ఆస్పత్రి ఖర్చు ఎక్కువ.

మరి ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఎలా బతికారు? మిగిలిన అన్నంలో నీళ్ళు పోసేవారు. మజ్జిగ చుక్క వేసేవారు. తెల్లారేసరికి అది పులిసేది. ఆ పులుపులో చెడు సూక్ష్మజీవులు అంత సులువుగా పెరగలేవు. ఒట్టి అన్నానికి ఆ కాపలా లేదు. పాతవాళ్ళు పొడి అన్నాన్ని రాత్రంతా అలా వదిలేయకపోవడం పేదరికం వల్లే కాదు, కాస్త తెలివి వల్ల కూడా. ఈ వేసవి వేడిలో ఫ్రిజ్ లేని ఇంట్లో ఇప్పటికీ ఫ్రైడ్‌రైస్ కన్నా చద్దన్నమే నయం. అలాగని చద్దన్నంలోనూ వాసన, జిగట తేడాగా ఉంటే పారబోయాల్సిందే. ఫ్రైడ్‌రైస్ తినాలనిపిస్తే పొద్దున్నే వండి, పళ్ళెంలో పరిచి, ఫ్యాను కింద అరగంట ఆరబెట్టిన అన్నంతో చేసుకోవచ్చు. రాత్రి అన్నం అంత బాగా రాకపోయినా ముద్ద మాత్రం కాదు.

చల్లారిన అన్నం చక్కెర జబ్బుకు మందని మరో ప్రచారం ఉంది. చల్లార్చి, మళ్ళీ వేడిచేసిన అన్నంలో త్వరగా అరగని పిండిపదార్థం కొంత పెరుగుతుందన్నది నిజమే. పెరిగేది కొంచెమే. ఆ ధీమాతో రెండు కంచాలు లాగిస్తే, పైగా గరిటెడు నూనె పోస్తే లాభమేముంది?

ఇప్పుడు మిగల్చడమే!

ప్రపంచం మొత్తంమీద 2022లో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్కగట్టింది. అందులో అరవై శాతం ఇళ్ళలోనిదే. ఉదయగిరి కొండ ఈ లెక్కలేవీ ఎరగదు గానీ తిండి కరవు అంటే ఏమిటో దానికి తెలుసు. ఆ దుర్గాన్ని గజపతుల నుంచి గెలుచుకోవడానికి శ్రీకృష్ణదేవరాయల సేన ఏడాదిన్నర పాటు ముట్టడి సాగించింది. 1514లో కోట చేజిక్కాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు హంపీకి తీసుకెళ్ళాడు. లోపల చిక్కుకున్నవాళ్ళు ఆ ఏడాదిన్నరలో గింజ గింజ ఎలా లెక్కపెట్టుకున్నారో ఏ శాసనమూ చెప్పదు. రాత్రి అన్నం పొద్దుటికి మిగిలి మాత్రం ఉండదు.

ఇప్పుడా కొండ కింద ఇళ్ళలో సరదా అయిన సంగతొకటి జరుగుతోంది. రాత్రి వంటకు బియ్యం కొలిచేటప్పుడు అరగ్లాసు ఎక్కువ పడుతోంది. పొరపాటున కాదు, రేపటి డబ్బా కోసం. మిగిలిన అన్నంతో ఫ్రైడ్‌రైస్ చేయడం పోయి, ఫ్రైడ్‌రైస్ కోసం అన్నం మిగల్చడం వచ్చింది. చద్దన్నం తినడానికి మొహమాటపడే ఇంట్లోనే 'అమ్మా, రాత్రి అన్నం మిగిలిందా' అని పిల్లలు ఆశగా అడుగుతున్నారు. సెలవు రోజున నాన్న కూడా గరిటె పడుతున్నాడు. తాలింపన్నం చేయమంటే ఆ చేయి లేవదు, ఫ్రైడ్‌రైస్ అంటే మాత్రం లుంగీ ఎగ్గట్టి పొయ్యి ముందు నిలబడతాడు. తర్వాత వంటిల్లు ఎవరు కడుగుతారన్నది అడక్కూడదు.

అందరికీ వడ్డించాక బాండలి అడుగున కాస్త మాడు మిగులుతుంది. గుడ్డు, కారం, నూనె పట్టి ఎర్రగా కరకరలాడే మాడు. ఒకప్పుడు దాన్నీ అమ్మే గీరుకుని తినేది. ఇప్పుడు దానికోసం పిల్లలిద్దరూ చెరో పక్క కాచుకుని ఉంటారు. కొయ్య గరిటె అంచుతో గీరి, ముందు చిన్నదానికో ముక్క, పెద్దాడికో ముక్క పెట్టి, మూడో ముక్క అమ్మ తన నోట్లో వేసుకుంటుంది.